కాయల లెక్క, కాగితం లెక్క: మన పిల్లలకు ఒక కంప్యూటర్ ఆట తయారు చేయాలంటే

ఏప్రిల్ నెల సగం దాటిందంటే ముసునూరు, నూజివీడు రోడ్ల పక్కన రసాల బుట్టలు వెలుస్తాయి. మామిడి కోతలు, వేసవి సెలవులు, మన సంఘాల్లో వి.బి.ఎస్. తరగతులు అన్నీ ఒకేసారి వస్తాయి. అమ్మ ఏదో పని మీద ఇంట్లోకి వెళ్తే బుట్ట దగ్గర కూర్చునేది నాలుగో తరగతి పాపో, ఐదో తరగతి బాబో. "డజను నూట ఇరవై బాబాయ్. డజనున్నర అయితే నూట ఎనభై" అంటాడు. మీరు ఐదు వందల నోటు ఇస్తే, ఆలోచించినట్టు కూడా కనబడకుండా మూడు వందల ఇరవై లెక్కపెట్టి మీ చేతిలో పెడతాడు.

అదే పిల్లవాడికి నోటు పుస్తకం ఇచ్చి 500లో నుంచి 180 తీసేయమనండి. పెన్సిలు ఆగిపోతుంది. సున్నాలో నుంచి ఎనిమిది ఎలా పోతుంది? అప్పు ఎక్కడి నుంచి తేవాలి? చివరికి 480 అని వేసే పిల్లలు కూడా ఉన్నారు. పై అంకె చిన్నదైతే కింది అంకెలో నుంచి దాన్ని తీసేశారన్నమాట. బుట్ట దగ్గర అదే పిల్లవాడు ఎవరికైనా నాలుగు వందల ఎనభై తిరిగి ఇస్తాడా? ఇవ్వడు. కాగితం మీదకు వచ్చేసరికి మాత్రం, తనకు తెలిసిన లెక్కే తనకు తెలియనిదైపోతుంది.

"మన పిల్లలు ఎలాగూ ఫోన్లలోనే ఉంటున్నారు కదా, ఆ ఫోన్‌లోనే వాళ్లకు చదువు నేర్పే ఆట ఒకటి మనమే తయారు చేయించకూడదా?" ఈ ప్రశ్న సంఘాల్లో తరచుగా వినబడుతోంది. అడగడంలో తప్పు లేదు. నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైన దగ్గర నుంచి ఈ చుట్టుపక్కల కంప్యూటర్ ప్రోగ్రాములు రాయగల యువతీయువకులకు కొరత లేదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. అవి ఇప్పుడు కొన్ని ఇళ్లలో తమ్ముళ్ల, చెల్లెళ్ల చేతుల్లోకి వచ్చాయి. చేసేవాళ్లున్నారు, ఆడే పరికరం ఉంది. అయితే ఆటను ఎలా కూర్చాలి అన్నది కంప్యూటర్ ప్రశ్న కాదు, పిల్లల ప్రశ్న. దాని గురించే ఈ వారం కొంచెం వివరంగా రాస్తున్నాము.

పిల్లలు ఏది చేస్తే అదే నేర్చుకుంటారు

బుట్ట దగ్గర పిల్లవాడి కథ ఒక్క ముసునూరుది కాదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే 1,400 మందికి పైగా పిల్లల్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దంపతులు ఆ బృందంలో ఉన్నారు. బజారు లెక్కలు నోటితో చకచకా చేసిన పిల్లలు, అవే లెక్కలు బడి పుస్తకం పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. రెండో వైపు చూస్తే, బడిలో లెక్కలు చేయగలిగినా ఎప్పుడూ అమ్మకం ఎరగని పిల్లలు బజారు లెక్కకు తడబడ్డారు. ఇక్కడి నేర్పు దానంతట అదే అక్కడికి దాటలేదు.

ఆటల విషయంలోనూ ఇదే తేలింది. ఢిల్లీలో బడికి వెళ్లే వయసు రాని చిన్న పిల్లల చేత కొన్ని నెలలపాటు లెక్కల ఆటలు ఆడించారు. ఏ గుంపులో చుక్కలు ఎక్కువున్నాయో చూపు మీద చెప్పడం, ఆకారాల్లో తేడా పట్టడం వంటి ఆటలవి. ఫలితాలు 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఆ పిల్లలకు చుక్కలు అంచనా వేయడం, ఆకారాలు పోల్చడం బాగా వచ్చాయి. ఏడాది తర్వాత కూడా ఆ నేర్పు నిలిచింది. అయితే ఒకటో తరగతి లెక్కల్లో వాళ్లు మిగతా పిల్లలకంటే ముందుకు పోలేదు. ఎందుకంటే ఆ ఆటల్లో 1, 2, 3 అనే అంకెలు లేవు. చుక్కల నుంచి అంకెకు వెళ్లే దారి ఆటలో వేయలేదు కనుక, పిల్లలు ఆ దారిని సొంతంగా వేసుకోలేదు.

ఆట తయారు చేసేవారు మొదట పట్టుకోవలసిన మాట ఇది. ఆటలో పిల్లవాడి చెయ్యి, కన్ను, బుర్ర ఏ పని చేస్తాయో ఆ పనే వాడికి వస్తుంది. తెర మీద మనం రాసిన పాఠం పేరు వాడికి రాదు. "గణితం ఆట" అని పేరు పెట్టి, లోపల పరుగెత్తించి దూకిస్తే వాడికి వచ్చేది పరుగెత్తడం, దూకడం.

బెల్లం పూసిన మాత్ర వద్దు

చాలా ఆటలు ఇలా ఉంటాయి: ఐదు లెక్కలు చెయ్యి, ఆ తర్వాత బాణంతో కాయలు కొట్టే ఆట తెరుచుకుంటుంది. చేదు మాత్రకు బెల్లం పూసినట్టు. పిల్లలు తెలివైనవాళ్లు, బెల్లం నాకేసి మాత్ర ఉమ్మేస్తారు. నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి నొక్కుతూ పోతే ఎప్పటికో సరైనది తగులుతుందని రెండు నిమిషాల్లో కనిపెడతారు. మనం ఇచ్చిన లెక్క వాళ్లకు అడ్డుగోడ అవుతుంది. లెక్కంటే ఆటకు అడ్డం అన్న పాఠం మాత్రం గట్టిగా ఎక్కుతుంది.

మంచి ఆటలో లెక్క వేరు, ఆట వేరు ఉండవు. 1971లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న ముగ్గురు యువకులు డాన్ రావిచ్, బిల్ హైనెమన్, పాల్ డిలెన్‌బెర్గర్ ఎనిమిదో తరగతి చరిత్ర పాఠం కోసం 'ఆరెగాన్ ట్రెయిల్' అనే ఆట తయారు చేశారు. బళ్ల మీద పడమటికి వలస వెళ్లిన కుటుంబాల ప్రయాణం అది. తిండికి ఎంత, ఎడ్లకు ఎంత, మందులకు ఎంత ఖర్చు పెట్టాలో పిల్లలే తేల్చుకోవాలి. తిండికి తక్కువ పెడితే దారిలో కష్టం తప్పదు. బొమ్మలు లేవు, తెర కూడా లేదు. కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైపు యంత్రం చుట్టూ చేరి పిల్లలు ఆడారు. అక్కడ ఆలోచించి నిర్ణయించడమే ఆట. అందుకే ఆ ఆట దశాబ్దాలపాటు నిలిచింది.

మన ఊరి ఆట ఇలా ఉండవచ్చు

ఇప్పుడు మన పిల్లవాడి దగ్గరకు వద్దాం. వాడి చిక్కు ఒకటే: అప్పు తెచ్చుకునే తీసివేత. ఆట కూడా ఆ ఒక్క చిక్కు మీదే ఉండాలి. కూడికలు, ఎక్కాలు, ఇంగ్లీషు అక్షరాలు అన్నీ ఒకే ఆటలో పెట్టాలనే ఆశ మంచిది కాదు. ఒక ఆట, ఒక చిక్కు.

తెర మీద మామిడి తోట. విడి కాయలు, పది కాయల పెట్టెలు, పది పెట్టెల బండి. అసలు యార్డులో కాయలు బరువు మీద అమ్ముతారని పిల్లలకు తెలుసు. అయినా "మన ఆటలో పెట్టెకు పది" అంటే వెంటనే ఒప్పుకుంటారు, ఆటలో నియమం అంటే వాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు పాప దగ్గర ఐదు పెట్టెలు, రెండు విడి కాయలు ఉన్నాయి. కొనేవాడు వచ్చి పదిహేడు కాయలు అడిగాడు. ఒక పెట్టె అలాగే ఇచ్చేయవచ్చు. ఇంకా ఏడు కావాలి, విడిగా ఉన్నవి రెండే. ఏం చేయాలి? ఇంకో పెట్టె మూత తెరవాలి. వేలితో నొక్కితే మూత తెరుచుకుని పది కాయలు బయట పడతాయి. విడి కాయలు పన్నెండయ్యాయి. అందులో ఏడు ఇస్తే ఐదు మిగిలాయి. పెట్టెలు మూడు. మొత్తం 35.

ఇంతవరకూ ఇది బుట్ట దగ్గరి లెక్కే, వాడికి వచ్చినదే. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పెట్టె మూత తెరిచిన ఆ క్షణంలోనే, తెర పక్కన నోటు పుస్తకం గీతల మీద 52 అనే అంకెలో 5 కొట్టివేయబడి 4 కావాలి, పక్కన 2 మీద 12 రావాలి. బడిలో టీచరు గారు నల్లబల్ల మీద రాసినట్టే ఉండాలి. కొన్ని ఆటల తర్వాత ఆ అంకెలు కంప్యూటరు రాయకూడదు, పాప తన వేలితో రాయాలి. మరికొన్ని ఆటల తర్వాత కాయలు ఒక గుడ్డ కింద దాక్కోవాలి, అంకెలు మాత్రమే కనబడాలి. అనుమానం వస్తే గుడ్డ ఎత్తి చూసుకోవచ్చు. చివరికి కాయలు ఉండవు, లెక్క ఉంటుంది. బుట్ట నుంచి పుస్తకానికి వంతెన వేయడమంటే ఇదే. ఢిల్లీ చుక్కల ఆటలో లేనిది ఈ వంతెనే.

తెలుగు మనకు ఇక్కడ ఒక మేలు చేస్తుంది. "యాభై రెండు" అంటే ముందు పదులు, తర్వాత ఒకట్లు, రాసే వరుసలోనే పలుకుతాం. హిందీలో అదే సంఖ్యను 'బావన్' అంటారు, ముందు వినబడేది రెండు. కనుక ఆటలో ప్రతి సంఖ్యనూ తెలుగులో స్పష్టంగా పలికించండి. ఆ గొంతు ఎక్కడి నుంచో తెచ్చిన యంత్రం గొంతు కాకుండా, మీ సండే స్కూలు టీచరమ్మ గొంతయితే మరీ మంచిది. చిక్కం, ముచ్చిక, సొన, కలెక్టరు కాయ వంటి మన తోట మాటలు ఆటలో వినబడితే అది తమ ఆటే అనుకుంటారు పిల్లలు.

తప్పు చేసినప్పుడు ఏం జరగాలి?

ఆట గుణం తెలిసేది పిల్లలు తప్పు చేసినప్పుడే. ఎర్ర గుర్తు, బర్రుమనే చప్పుడు, సున్నా మార్కు పెడితే, లెక్కంటే ముందే భయమున్న పిల్లవాడు ట్యాబు పక్కన పెట్టేస్తాడు. అదేమీ చెప్పకుండా మరో లెక్క ఇస్తే తప్పు అలాగే మిగులుతుంది.

52లో నుంచి 17 తీస్తే 45 అన్నాడనుకోండి. ఇది ఏదో నొక్కేసిన జవాబు కాదు. 7లో నుంచి 2 తీసి 5 వేశాడు, 5లో నుంచి 1 తీసి 4 వేశాడు. ఆలోచించే తప్పు చేశాడు. ఆట ఆ ఆలోచనకు జవాబివ్వాలి. "సరే, నలభై ఐదు మిగిలాయి అన్నావు కదా, కొన్నాయన చేతిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడదాం" అని చూపిస్తే, అక్కడ ఏడు కాయలే ఉంటాయి. పది తక్కువ. కొన్నాయన బండి ఎక్కకుండా నిలబడి ఉంటాడు. తిట్టకుండానే పిల్లవాడికి తెలిసిపోతుంది. పొరపాటు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి చూసుకునే అవకాశం ఇవ్వాలి. గడియారం పెట్టి తొందర చేయకూడదు. వేగం తర్వాత వస్తుంది.

ఏ బాబు ఏ రకం తప్పు ఎన్నిసార్లు చేశాడో టీచరు చూసుకునేలా ఒక చిన్న పేజీ కూడా ఉండాలి. మార్కుల పట్టిక కాదు, తప్పుల పట్టిక. ఎవరికి ఏం నేర్పాలో చెప్పేది అదే.

మొదట చింతపిక్కలు, తర్వాత కంప్యూటర్

ప్రోగ్రాం రాసే యువకులకు ఒక మనవి. మొదటి రోజే ల్యాప్‌టాప్ తెరవకండి. చింతపిక్కలు కాయలుగా, ఖాళీ అగ్గిపెట్టెలు పది కాయల పెట్టెలుగా పెట్టుకుని, ఐదుగురు పిల్లలతో ఆ ఆట నేల మీద ఆడండి. మీరే కొనేవాడు. పిల్లలు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ విసుగుపడుతున్నారు, మీరు చెప్పిన మాట ఏది అర్థం కాలేదు, అన్నీ రాసుకోండి. నేల మీద నడవని ఆట తెర మీదా నడవదు. చింతపిక్కలతోనే పిల్లలకు తీసివేత వచ్చేస్తే సంతోషించండి. కంప్యూటర్ ఖర్చు మిగిలింది.

ఆ తర్వాత తయారు చేసేటప్పుడు తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త. ఆటలు చేసే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. 'పెట్టె' అన్న మాటే సరిగా రాకపోవచ్చు. 2023లో వచ్చిన గోడో నాలుగో వెర్షన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఇటువంటి లిపుల్ని సరిగా చూపిస్తుంది. మీ దగ్గరున్న పాత ట్యాబు మీద, నెట్ ఆపేసి, ఆట నడుస్తుందో లేదో చూడండి. తోటల మధ్య ఇళ్లలో సిగ్నల్ అన్ని వేళలా దొరకదు.

కొత్తగా చేయకముందు ఇప్పటికే ఉన్నవాటిని చూడండి. ఫ్రాన్స్‌లో 2000లో మొదలైన జీకాంప్రి అనే ఉచిత ఆటల పెట్టెలో చిన్న పిల్లలకు లెక్కలు, అక్షరాలు, పజిళ్లు చాలా ఉన్నాయి. తెలుగు చదవడం అలవాటు చేయడానికి గూగుల్ వారి 'రీడ్ అలాంగ్' ఉంది. 2019లో ముగిసిన గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీలో టాంజానియా దేశపు పల్లెల్లో సుమారు మూడు వేల మంది పిల్లలకు ట్యాబులిచ్చి పరీక్షించారు. చివరి వరకు నిలిచిన ఐదు బృందాల్లో బెంగళూరుకు చెందిన చింపుల్ ఒకటి. ఆ ఐదు బృందాల సాఫ్ట్‌వేరునూ ఎవరైనా తీసుకుని మార్చుకునేలా బయట పెట్టారు. ఉన్నదాన్ని మన ఊరికి తగ్గట్టు మార్చుకోవడంలో చిన్నతనం లేదు.

పిల్లల వివరాల సంగతి మరిచిపోవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల మీద నిఘా పెట్టి వాళ్లకు ప్రకటనలు చూపకూడదు. మన ఆటలో ప్రకటనలూ వద్దు, కొనుగోళ్లూ వద్దు. పేరు బదులు ఒక మామిడి బొమ్మ గుర్తు చాలు.

టీచరు స్థానంలో కాదు, టీచరు పక్కన

ఆట తయారైందనుకుందాం. ఎలా వాడాలి? గుజరాత్‌లోని వడోదరలో ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, ఒక్కో కంప్యూటరుకు ఇద్దరు చొప్పున లెక్కల ఆటలు ఆడించింది. 2007లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం లెక్కల మార్కులు బాగా పెరిగాయి. భాషలో తేడా రాలేదు, ఆడినవి లెక్కల ఆటలే కదా. ఆపేసిన ఏడాదికి లాభంలో చాలా భాగం కరిగిపోయింది, కొంత మిగిలింది. అదే రాష్ట్రంలో పరిశోధకుడు లీ లిండెన్ 2008లో మరొకటి చూపించారు. టీచరు పాఠం చెప్పే సమయాన్ని తీసుకుని కంప్యూటరుకు ఇచ్చిన చోట పిల్లలు వెనకబడ్డారు. పాఠం పాఠంగా ఉంచి, దానికి అదనంగా కంప్యూటరు ఇచ్చిన చోట మేలు జరిగింది.

కనుక వి.బి.ఎస్. తరగతి ఆపి ట్యాబులు పంచవద్దు. తరగతి అయ్యాక ఇరవై నిమిషాలు, ఇద్దరికి ఒక ట్యాబు చాలు. ఒకరు ఆడతారు, ఇంకొకరు నోటు పుస్తకంలో అంకెలు రాస్తారు, తర్వాత మారతారు. వారం చివర టీచరు పక్కన కూర్చుని "ఈ అప్పు ఎందుకు తెచ్చావమ్మా?" అని అడగాలి. పాప తన మాటల్లో చెప్పగలిగితేనే వచ్చినట్టు. సెలవుల తర్వాత కూడా నెలకు ఒకసారి కొనసాగించకపోతే వడోదరలోలాగే కరిగిపోతుంది. చంటిపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. రెండేళ్ల లోపు వారికి తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఆట మొదలుపెట్టే ముందు కాగితం మీద పది తీసివేతలు ఇవ్వండి. ఆరు వారాల తర్వాత అటువంటివే మరో పది, కాగితం మీదే ఇవ్వండి. ట్యాబు మీద వచ్చిన నక్షత్రాలు లెక్కలోకి రావు. కాగితం మీద మార్పు రాకపోతే ఆట మార్చాలి, లేదా ఆపాలి. అది ఒప్పుకునే ధైర్యం ముందే తెచ్చుకోవాలి.

బైబిల్ క్విజ్ ఆటలు చేయాలనుకునే వారికీ ఇదే కొలత. ఎవరు ముందు బటన్ నొక్కితే వారికి మార్కు అన్న ఆట వేగంగా నొక్కడం నేర్పుతుంది. మంచి సమరయుని కథలో గాయపడినవాడు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తున్నాడో జవాబు చెప్పిస్తే ఊళ్ల పేర్లు వస్తాయి. అదీ అవసరమే. దారిలో పడి ఉన్నవాడి దగ్గర ఆగడం మాత్రం ఆ ప్రశ్నతో రాదు. అది ఎక్కడ నేర్పాలో పెద్దలం మనకు తెలుసు.

సంఘ పెద్దలకు చివరిగా ఒక మాట. కానుకల డబ్బు ఒక్కదానికే సరిపోతుందనుకుంటే, ట్యాబులకంటే సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టుకునే ఒక మంచి టీచరుకు జీతం ఇవ్వడమే మేలని మా అభిప్రాయం. టీచరు ఉన్నచోట ఆట పనికొస్తుంది. టీచరు లేనిచోట ట్యాబు మరో ఫోనుగా మిగిలిపోతుంది.

రోడ్డు పక్కన రసాల బుట్ట దగ్గర కూర్చున్న ఆ బాబు లెక్కలు రానివాడు కాదు. వాడి నోట్లో ఉన్న లెక్కను వాడి పుస్తకంలోకి ఇంతవరకు ఎవరూ నడిపించలేదు, అంతే. ఈ వేసవిలో ముసునూరు వైపు వెళ్తే కాయలు కొనండి. చిల్లర తిరిగి ఇచ్చాక ఒక్క నిమిషం ఆగి, "ఇప్పుడు చేసిన లెక్క కాగితం మీద ఎలా రాస్తావు నాన్నా?" అని అడగండి. వాడు ఎక్కడ ఆగిపోతాడో అక్కడి నుంచే మీ ఆట మొదలుపెట్టాలి.